కాకినాడ వైపు హాకీ సమ్మర్ క్యాంప్: మాస్టారికి 5 స్టార్లు, రిపోర్టుకి 1

ముందే చెప్పేస్తున్నానండి, ఇది పొగడ్తా కాదు తిట్టూ కాదు, డబ్బులు కట్టినోడి లెక్క. మే నెలలో మా చెల్లి కొడుకుని కాకినాడ వైపు ఒక ప్రైవేట్ హాకీ అకాడమీ వాళ్ళ సమ్మర్ క్యాంపులో వేశాం. 21 రోజులు, హాస్టల్ భోజనంతో కలిపి 18 వేలు, చివర్లో "ప్రొఫెషనల్ రెడీనెస్ రిపోర్ట్" అని ఒకటి ఇస్తారంట, అంటే మీవాడు లీగ్ టీంలో ఆడ్డానికి ఎప్పటికి తయారవుతాడో తేల్చి చెప్పే కాయితం. అకాడమీ పేరు మాత్రం రాయను. మావాడు రేపూ ఎల్లుండీ అదే గ్రౌండులో ఆడాలి, పైగా ఈ చుట్టుపక్కల హాకీ నేర్పేవాళ్ళు ఎంతమందున్నారు గనక, రెండు ముక్కలు చదివితే తెలిసినోళ్ళకి ఎలాగూ తెలిసిపోద్ది.

నా సంగతి ఏంటంటే అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారం. పొద్దున్న లేస్తే కాయని చెవి దగ్గర ఆడించి ఇది పచ్చికాయా, కురిడీకి, అంటే ఎండు కొబ్బరికి, పనికొస్తదా అని చెప్పుకుని బతికేవాణ్ణి. హాకీలో నాకు తెలిసింది ధ్యాన్‌చంద్ పేరొక్కటే, అదీ స్కూల్లో బిట్ పేపర్ కోసం చదివింది. 2023 ఫిబ్రవరిలో సీనియర్ మహిళల నేషనల్స్ కాకినాడలో జరిగేయి కదా, అప్పుడు ఏదో బాకీ వసూలుకి వెళ్తూ మా మేనల్లుణ్ణి, ఇంట్లో బుజ్జి అంటాం, వెంటేసుకెళ్ళా. వాడికప్పుడు 13. ఓ అరగంట చూసి పోదాం అని కూర్చున్నవాళ్ళం సాయంత్రం దాకా లేవలేదు, బాకీ వసూలు కూడా గోవిందా. ఆ అమ్మాయిలు అంత స్పీడుగా వచ్చే బంతిని కర్రకి అంటించినట్టు ఆపేస్తుంటే చప్పుడు కూడా రావట్లేదండి, నాకే ఒళ్ళు జలదరించింది ఇక పిల్లోడి సంగతి చెప్పేదేముంది. మర్నాటి నుంచి వరి కోసేసిన చేలో, నేలంతా బీటలు వారి ఉంటది కదా, అక్కడ కొబ్బరి మట్టతో మొదలెట్టేడు. ఆ బీటల్లో బంతి ఎటు పోద్దో దేవుడికి తెలీదు. అందుకే వాడి చెయ్యి అంత మెత్తగా తయారైంది అని నా అనుమానం, కానీ అది తర్వాత క్యాంపులో నేర్పే మాస్టారు ఒప్పుకోలేదనుకోండి.

ఇప్పుడు వాడికి 16. జిల్లాకి ఆడేడు, కిందటేడాది ఒక టోర్నమెంట్‌లో 4 మ్యాచ్‌ల్లో 9 గోల్స్ కొట్టేడు, ఊళ్ళో ఫ్లెక్సీ కూడా కట్టేరు. మా బావ, అంటే బుజ్జి వాళ్ళ నాన్న, కువైట్‌లో ఉంటాడు. ఆయన ఫోన్‌లో హాకీ ఇండియా లీగ్ వేలం చూసేడు, 2024 అక్టోబర్‌లో జరిగింది, హర్మన్‌ప్రీత్ సింగ్‌ని సూర్మా టీం వాళ్ళు 78 లక్షలకి కొన్నారు. ఇంక అప్పట్నుంచి వారం వారం ఒకటే ప్రశ్న, "బావా, మనోడు ఎప్పటికి రెడీ అవుతాడు? ఇంటర్‌లో వెయ్యాలా వద్దా? నేను ఇంకో రెండేళ్ళు ఇక్కడ ఉండాలా వచ్చెయ్యాలా?" ఒక కుర్రాడి కర్ర మీద ఇంత బరువు పెట్టేశాం అన్నమాట. ఆ ప్రశ్నకి జవాబు 18 వేలకి దొరుకుద్దంటే కడతామా కట్టమా మీరే చెప్పండి.

సరే క్యాంపు. అమలాపురం నుంచి ముమ్మిడివరం, ఎదుర్లంక వంతెన, యానాం మీదుగా బస్సు, రెండున్నర గంటలు అనుకోండి. హాస్టల్ అంటే ఒక అద్దె మేడ, గదికి ఆరుగురు, కూలర్లు ఉన్నాయి, రెండు పనిచేస్తాయి. భోజనం మాత్రం వంక పెట్టలేం. పొద్దున్న నానబెట్టిన సెనగలు, గుడ్లు, టిఫిను, మధ్యాహ్నం వారానికి మూడు రోజులు కోడికూర, రాత్రి చపాతీ లేదా అన్నం, మజ్జిగ అడిగినంత. వంట చేసే ఆవిడ పిల్లలు సరిగ్గా తినకపోతే వెనకాల పడి మరీ పెడుతుంది. మా చెల్లి అయితే "నా దగ్గరకన్నా బాగా తిన్నాడన్నయ్యా" అని కాస్త కుళ్ళుకుంది కూడా.

గ్రౌండు దగ్గర కొంచెం మోసం ఉందండి. కరపత్రంలో టర్ఫ్, అంటే ప్లాస్టిక్ గడ్డి పరిచిన గ్రౌండు, బొమ్మ వేసేరు, కానీ 21 రోజుల్లో టర్ఫ్ మీద ఆడించింది 5 రోజులు, మిగతాదంతా మట్టి గ్రౌండే. మట్టి మీద నేర్చుకున్నోడికీ టర్ఫ్ మీద ఆడేవాడికీ తేడా ఎంతంటే, చెరువులో ఈత నేర్చుకుని గోదాట్లో దిగినట్టే. మట్టి మీద బంతి ఎగురుద్ది, ఆగుద్ది, ఆలోచించుకోడానికి టైం ఇస్తది. టర్ఫ్ మీద ఆ టైం ఉండదు, వంగి ఆడాలి, నడుం తొడలు పట్టేస్తాయి. మొదటి రోజు టర్ఫ్ మీద మావాడు బంతి ఆపలేక ఆపలేక తెల్లమొహం వేసేడు. 9 గోల్స్ వీరుడు.

కర్ర విషయం కూడా చెప్పాలి. ఆఫీసులో కర్రలు అమ్ముతారు, కార్బన్ ఎక్కువ ఉన్నది కొనమని ఒకటే చెవిలో జోరీగ. మేం కొనలేదు. పక్క పిల్లోడి చేత 11 వేలది కొనిపించేరు. మాస్టారు అది చూసి "ఇది గట్టి కర్ర బాబూ, కొట్టుడు బాగుంటది, ఆపుడు కష్టం, నువ్వింకా ఆపడమే నేర్చుకోవాలి" అని వాడికి తన పాత కర్ర ఇచ్చేరు. ఆ 11 వేల కర్ర మంచం కింద పడుంది.

ఇప్పుడు మాస్టారి గురించి. 65 దాటి ఉంటాయి, రైల్వేస్‌కి ఆడి రిటైర్ అయ్యేరంట, అకాడమీ వాళ్ళు ఆయన్ని కరపత్రంలో వెనక పేజీలో చిన్న అక్షరాల్లో వేసేరు. ముందు పేజీలో నల్లద్దాలు పెట్టుకున్న డైరెక్టర్ గారు. ఆ డైరెక్టర్ గారిని 21 రోజుల్లో మేం చూసింది రెండుసార్లు, ప్రారంభం రోజు, ఫోటోల రోజు. మాస్టారు మాత్రం తెల్లారి 5 గంటలకల్లా సైకిల్ మీద వచ్చేసేవారు. నేను మొదటి ఆదివారం వెళ్ళినప్పుడు గొప్పగా చెప్పుకున్నా, మావాడు 4 మ్యాచ్‌ల్లో 9 గోల్స్ అండి అని. ఆయన టీ తాగుతూ, "ఎన్ని కొట్టేడో నాకెందుకండి, ఎవరి మీద కొట్టేడో చెప్పండి" అన్నారు. నేను చెప్పలేకపోయా, నిజంగా నాకు తెలీదు, ఏవో రెండు స్కూళ్ళు.

రెండో ఆదివారం ఆయన ఒక పని చేసేరు. సాయంత్రం పూట అక్కడ పెద్దవాళ్ళు ఆడుకుంటారు, పోలీసులు, ఉద్యోగాలు చేసుకునేవాళ్ళు, డిగ్రీ కుర్రాళ్ళు. మా పిల్లల్లో ముగ్గుర్ని వాళ్ళలో కలిపి 15 నిమిషాల క్వార్టర్లు నాలుగు ఆడించేరు. నా చేతికి ఒక చీటీ పెన్సిలు ఇచ్చి, "మీరు కాయలు లెక్కేసే మనిషి కదా, బంతి మీవాడి దగ్గరికి రాకముందు వాడు తల తిప్పి అటూ ఇటూ ఎన్నిసార్లు చూసేడో గీతలు పెట్టండి, గోల్ కొడితే రాయక్కర్లేదు" అన్నారు. మొదటి క్వార్టర్‌లో 5 గీతలు. రెండోదాంట్లో 3. మూడోదాంట్లో 1. నాలుగోదాంట్లో ఒక్కటీ లేదు, వాడు బంతి వంకే చూస్తున్నాడు, అదీ నోరు తెరుచుకుని. పక్కన గ్రౌండు మధ్యలో ఆడే ఒక పాతికేళ్ళ సెంటర్ హాఫ్, బొజ్జ కూడా ఉంది ఆయనకి, ఆయన తల ఆఖరి నిమిషం దాకా గుడ్లగూబలా తిరుగుతూనే ఉంది. బంతి రాకముందే ఎవరికి ఇవ్వాలో ఆయనకి తెలిసిపోయింది. మావాడికి బంతి వచ్చేక ఆలోచన మొదలు, ఆలోచన అయ్యేలోపు ఎవడో లాక్కుపోయేడు.

అదండి అసలు తేడా. నేను ఇన్నాళ్ళూ వాడి చేతుల వంక చూశా, ఆయన మెడ వంక చూడమన్నారు.

తర్వాత అరుగు మీద కూర్చోబెట్టి చాలాసేపు చెప్పేరు, నాకు అర్థమైనంత రాస్తున్నా. పెద్ద ఆటలో ఫార్వర్డ్‌ని, అంటే గోల్ కొట్టడానికి ముందుండేవాణ్ణి, మ్యాచ్ అంతా ఒకేసారి ఆడించరు, కొన్ని నిమిషాలు ప్రాణం పెట్టి పరిగెత్తించి బయటికి లాగేస్తారు, మళ్ళీ పంపిస్తారు, ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. అంచేత ఒక్క పరుగు ఎంత స్పీడు అన్నది కాదంట చూసేది, పదో పరుగు మొదటి పరుగులా ఉందా లేదా అని. బంతి పోగొట్టుకున్నాక ఏం చేస్తాడు? పిల్లలు చేతులు నడుం మీద పెట్టుకుని నిలబడతారు, లేదా అంపైర్ వంక చూస్తారు. పెద్దవాళ్ళ టీంలో ఆ రెండు సెకన్లకి గోల్ పడిపోద్ది. పోగొట్టుకున్న మరుక్షణం వెనక్కి తిరిగి పరిగెత్తడం అలవాటైతే సగం రెడీ అయినట్టే అన్నారు. ఇంకోటి, తన డి-లో, అంటే గోల్ ముందు గీసిన అర్ధచంద్రంలో, ఒత్తిడిలో బంతి కాలికి తగలకుండా కాచుకోవడం, ఎందుకంటే అక్కడ కాలికి తగిల్తే అవతలోళ్ళకి పెనాల్టీ కార్నర్, అంటే గోల్ మీదకి కొట్టుకునే ఒక ఛాన్సు, అవతల మంచి డ్రాగ్ ఫ్లికర్, అంటే బంతిని కర్రతో లాగి విసిరేవాడు, ఉంటే అది గోల్ కింద లెక్క. 2025 ఫిబ్రవరి 1న లీగ్ ఫైనల్ చూశారు కదా, మన హైదరాబాద్ తుఫాన్స్ మీద బెంగాల్ టైగర్స్ 4-3తో గెలిచేరు, జుగ్‌రాజ్ సింగ్ ఒక్కడే మూడు కొట్టేడు. ఆ జుగ్‌రాజ్ సీనియర్ ఇండియా టీంలోకి వచ్చింది 2022లో, పాతికేళ్ళొచ్చాక. 16 ఏళ్ళకి ఎవరూ ఫ్లెక్సీ కట్టి ఉండరు అని నా మీద ఒక సెటైర్ కూడా వేసేరు.

మోకాలి సంగతి ఆయన పట్టుకున్నదే. బుజ్జికి మోకాలి చిప్ప కింద చిన్న బొడిపెలా లేచి నొప్పి, ఇంకో కోచ్ కుర్రాడేమో "నొప్పి లేకపోతే ఆటే కాదు" అని గ్రౌండు చుట్టూ రౌండ్లు కొట్టిస్తున్నాడు. మాస్టారు అడిగిన మొదటి మాట, ఈ ఏడాదిలో ఎంత పొడుగయ్యేడు అని. 7 సెంటీమీటర్లు. ఎదిగే వయసులో గెంతుళ్ళు పరుగులు ఎక్కువైతే తొడ కండరం లాగి లాగి చిప్ప కింద ఎముక దగ్గర నొప్పి వస్తదంట, ఎముక ఎదగడం అయిపోతే చాలామందికి అదే తగ్గుద్దంట, ఈలోపు గెంతుళ్ళు తగ్గించాలి. డాక్టర్ దగ్గరికి కూడా వెళ్ళాం, ఆయనా అదే మాట. పైగా ఇలా ఒక్కసారిగా పొడుగైన పిల్లలకి కొన్నాళ్ళు ఒళ్ళు తమ స్వాధీనంలో ఉండదు, నిన్న పట్టిన బంతి ఇవాళ జారుద్ది, అది చూసి వీడు పనికిరాడు అనుకోకూడదు, అలాగే అందరికన్నా ముందు మీసాలొచ్చిన పిల్లోణ్ణి చూసి వీడు మొనగాడు అనుకోకూడదు. ఈ ఒక్క ముక్కకే నా 18 వేలు గిట్టేయి అనుకున్నా.

ఇక రిపోర్టు. అయిబాబోయ్.

ఆఖరి రోజు ఫంక్షన్ పెట్టి, కండువా కప్పి, 9 పేజీల రంగుల పుస్తకం చేతిలో పెట్టేరు. లోపల సాలెగూడు లాంటి బొమ్మ, స్పీడ్ 8.5, షూటింగ్ 8.5, మెంటల్ 8.5, కింద "12 నెలల్లో లీగ్ రెడీ" అని ఆకుపచ్చ ముద్ర. ముందు సంతోషపడ్డానండి, అబద్ధం ఎందుకు, కువైట్‌కి ఫోటో కూడా పెట్టేశా. బయట బస్సు కోసం నిలబడితే రావులపాలెం పిల్లాడి నాన్న, పాలకొల్లు పిల్లాడి తాతగారు కూడా అక్కడే ఉన్నారు, ఏదీ చూద్దాం అని ముగ్గురం పుస్తకాలు మార్చుకున్నాం. మూడూ ఒకటే. అక్షరం పొల్లుపోకుండా ఒకటే, "అద్బుతమైన" అని ఒక చోట వత్తు తప్పు, ఆ తప్పు కూడా మూడింట్లో ఉంది. పాలకొల్లు పిల్లాడు గోల్‌కీపర్ అండి! గోల్‌కీపర్‌కి షూటింగ్ 8.5. తాతగారు నెమ్మదిగా "మావాడు పొద్దస్తమానం గోల్లోనే నిలబడ్డాడు కదండీ, ఎప్పుడు షూట్ చేశాడో" అన్నారు, నవ్వాలో ఏడవాలో తెలీలేదు.

వెనక్కి వెళ్ళి ఆఫీసులో అడిగా. "సార్ అది సాఫ్ట్‌వేర్ ఇచ్చుద్ది, మేం మార్చలేం" అన్నాడు కుర్రాడు. ఆ ఊపులోనే ఇంకో ప్యాకేజీ చెప్పేడు, 45 వేలు కడితే వీడియో తీసి ఫ్రాంచైజీలకి, అంటే లీగ్ టీంల వాళ్ళకి, పంపుతారంట. లీగ్‌లో ఒక్కో టీంకి 24 మంది, దాంట్లో 16 మంది మనవాళ్ళు, 8 మంది ఫారిన్ వాళ్ళు, ఆ 16లో 4గురు జూనియర్లు కంపల్సరీ, "మీవాడికి రూట్ క్లియర్ సార్" అన్నాడు. 2024లో లీగ్ మళ్ళీ మొదలెట్టినప్పుడు పెట్టిన రూల్ ప్రకారం ఆ నంబర్లు కరెక్టే. కానీ వ్యాపారస్తుణ్ణి కదా, అక్కడే లెక్కేశా. అప్పటి లెక్కన 8 టీంలు, నాలుగేసి, మొత్తం 32. దేశం మొత్తానికి 32. ఆ జూనియర్ అంటే 16 ఏళ్ళ బుజ్జి లాంటోడు కాదు, 20, 21 ఏళ్ళ దాకా ఉన్నవాళ్ళు, ఒడిశా, పంజాబ్, హర్యానా, యూపీల్లో చిన్నప్పట్నుంచి టర్ఫ్ మీద దొర్లినవాళ్ళు, జూనియర్ ఇండియా క్యాంపుల్లో ఉన్నవాళ్ళు. పోనీ పేరు ఎక్కింది అనుకుందాం. 24 మంది జాబితాలో ఉండటం వేరు, గ్రౌండులో 11 మందిలో నిలబడటం వేరు. 2024 వేలంలో కింది బేస్ ధర 2 లక్షలు, దానికి ఇంటర్ మానేసి బెంచీ మీద నీళ్ళ సీసాలు అందించే భాగ్యం. ఈ రూల్ వల్ల చోటు పుడుతుంది గానీ కుర్రాడు తయారైపోడు కదా.

అలాగని వయసుతో ముడిపెట్టడానికీ లేదు. రాణి రాంపాల్ 15 ఏళ్ళకే 2010 వరల్డ్ కప్ ఆడింది. వివేక్ సాగర్ ప్రసాద్ 2018లో 17 ఏళ్ళకి ఇండియాకి ఆడేడు. అదే శ్రీజేష్‌ని చూడండి, 2006లో సీనియర్ టీంలో మొదటి మ్యాచ్ ఆడేడు, కానీ ఖాయంగా గోల్‌లో నిలబడ్డానికి అయిదారేళ్ళు పట్టింది, ఆ తర్వాత 2024 పారిస్ దాకా ఎవడూ కదపలేకపోయేడు. గోల్‌కీపర్లు ఆలస్యంగా పండుతారు అని మాస్టారు అంటారు, పాలకొల్లు తాతగారికి ఈ మాట చెప్తే మొహం విప్పారింది.

మా పెద్దనాన్న కొడుకు ఎడ్మంటన్‌లో ఉంటాడు, కెనడా. ఆ రాత్రి కోపంతో ఆయనకి ఫోన్ చేశా. అక్కడ హాకీ అంటే మంచు మీద ఆడేది, మన ఆట కాదు, చక్రంలాంటి నల్లటి బిళ్ళ, కాళ్ళకి కత్తులు. కానీ ఈ "రెడీనా కాదా" గోల అక్కడ ఊరంతా ఉంటదంట, మన దగ్గర సంక్రాంతికి కోడి గురించి మాట్లాడుకున్నట్టు. 18 ఏళ్ళకి డ్రాఫ్ట్‌లో, అంటే పెద్ద లీగ్ టీంలు వరస ప్రకారం కుర్రాళ్ళని ఎంచుకునే చోట, తీసుకుంటారు, టీంలో ఎక్కువలో ఎక్కువ 23 మంది. తీసుకున్నాక ఆ ఏడాదే దింపాలని లేదు. 18, 19 ఏళ్ళోణ్ణి 9 మ్యాచ్‌ల దాకా ఆడించి చూసుకోవచ్చు, పదో మ్యాచ్ ఆడితే వాడి మొదటి కాంట్రాక్ట్‌లో ఒక ఏడాది కరిగిపోయినట్టే, ఆ లోపు జూనియర్ టీంకి తిప్పి పంపేస్తే కాంట్రాక్ట్ ఏడాది ముందుకి జరుగుద్ది. పెళ్ళిచూపుల్లాగే ఉంది అన్నా. "సరిగ్గా అదేరా" అన్నాడు అన్నయ్య.

వాళ్ళ ఊరి టీం సంగతే చెప్పేడు. డ్రైసైటిల్ అని జర్మనీ కుర్రాడు, 2014 డ్రాఫ్ట్‌లో మూడో నంబర్‌గా తీసుకున్నారు, తొందరపడి ఆ ఏడే దింపేరు. 37 మ్యాచ్‌లకి 2 గోల్స్. 2015 జనవరిలో మళ్ళీ జూనియర్ లీగ్‌కి పంపేశారు. ఊరంతా పెదవి విరిచింది, ఇంక వీడి పని అయిపోయింది అని. వాడు వెళ్ళి కెలోనా టీంకి ఆడి, ఆ ఏడు మెమోరియల్ కప్ అనే జూనియర్ల పెద్ద టోర్నమెంట్‌లో బెస్ట్ ప్లేయర్ అయ్యేడు, తర్వాతి సీజన్ కూడా కింది లీగ్‌లోనే మొదలెట్టి, అప్పుడు పైకి వచ్చి ఇంక దిగలేదు. 2020లో మొత్తం లీగ్‌కి అత్యుత్తమ ఆటగాడికిచ్చే హార్ట్ ట్రోఫీ. ఇంకొకడు జో థార్న్‌టన్ అని, 1997లో మొట్టమొదటి నంబర్, మొదటి ఏడు 55 మ్యాచ్‌లకి గోల్స్ 3, అందించినవి 4, అంతే. వాడికీ తర్వాత అదే ట్రోఫీ వచ్చింది. అయితే అదే ఎడ్మంటన్‌లో మెక్‌డేవిడ్ అనేవాడు 2015లో 18 ఏళ్ళకే దిగి మొదటి రోజు నుంచీ దంచేడు. "మరి ముందే ఎలా తెలుస్తదన్నయ్యా?" అంటే, "అది తెలిస్తే నేను ఇక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ఎందుకు చేస్తాన్రా" అన్నాడు.

నాకు మాత్రం కురిడీ గుర్తొచ్చింది. కాయ కోసేక నీళ్ళతో ఉన్నప్పుడే అమ్మేస్తే ఒక రేటు. అదే కాయని అటక మీద పడేసి నెలల తరబడి కదపకుండా ఉంచితే లోపల నీళ్ళు ఇంకి, కొబ్బరి చిప్పని వదిలేసి గుండులా అవుద్ది, ఆడిస్తే గటగట శబ్దం వస్తది. మధ్యలో తొందరపడి పగలగొట్టేవనుకో, అటు నీటికాయా కాదు ఇటు కురిడీ కాదు, కుళ్ళు వాసన. మా నాన్న అటక ఎక్కనిచ్చేవాడు కాదు మమ్మల్ని. కాకపోతే ఒకటుంది, ప్రతీ కాయా కురిడీ అవ్వదు, ఎంత కాలం ఉంచినా కొన్ని పాడైపోతాయి, అది కూడా బావకి చెప్పాలి కదా. అది చెప్పడానికే నాకు వారం పట్టింది.

మాస్టారిని సూటిగా అడిగా, వీడికి ఎన్నాళ్ళు అని. "పచ్చికాయండి" అన్నారు, నవ్వుతూ. రోజుకి ఒకసారైనా తనకన్నా పెద్దవాళ్ళతో ఆడనివ్వండి, ఓడిపోనివ్వండి, చదువు మాన్పించకండి, 18 దాటేక జూనియర్ నేషనల్స్‌లో ఎవరి మీద ఎలా ఆడేడో చూసి అప్పుడు నన్ను అడగండి అన్నారు. లీగ్ కన్నా ముందు డిపార్ట్‌మెంట్ టీంల వైపు చూడమన్నారు, రైల్వేస్, ఆయిల్ కంపెనీలు, సర్వీసెస్, పోలీస్. మన దేశంలో హాకీ ఆడేవాడికి నెల జీతం ఎక్కువగా వచ్చేది అక్కడే, రోజూ సీనియర్లతో ప్రాక్టీసు, దెబ్బ తగిలితే చూసేవాళ్ళుంటారు. లీగ్ ఏడాదికి కొన్ని వారాలు, మిగతా నెలలు ఎవడు పెడతాడు అన్నం? ఈ ముక్క ఆ 9 పేజీల్లో ఎక్కడా లేదు.

బావకి ఫోన్ చేసి చెప్తే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "అయితే ఇంటర్‌లో వేసెయ్, నేను ఇంకో రెండేళ్ళు ఉంటా" అన్నాడు. బుజ్జి ఏమో తలుపు పక్కన నిలబడి అంతా విన్నాడు, ఏడుస్తాడేమో అనుకున్నా, దగ్గరికొచ్చి "మావయ్యా, రేపట్నుంచి నువ్వు చీటీ పట్టుకుని రావా, గీతలు పెడుదువుగాని" అన్నాడు. వెళ్తున్నానండి, ఆదివారాలు. మొన్న నాలుగో క్వార్టర్‌లో 2 గీతలు.

కాబట్టి రేటింగ్ ఏంటంటే, భోజనానికి 5, మాస్టారికి 5, ఇంకా ఎక్కువ ఉంటే అదీ, హాస్టల్‌కి 3, టర్ఫ్ బొమ్మ చూపించి మట్టి మీద తిప్పినందుకు 2, రిపోర్టుకి 1, అదీ పేపర్ క్వాలిటీ బాగుందని. పిల్లల్ని పంపొచ్చా అంటే పంపండి, మాస్టారు ఉన్నంతకాలం. చేరే ముందు ఆయన వస్తున్నారో లేదో ఫోన్ చేసి కనుక్కోండి, ఆయన మానేస్తే వెళ్ళకండి. ప్యాడ్లు, మౌత్‌గార్డు ఇంటి దగ్గర్నుంచే తీసుకెళ్ళండి, అక్కడ రేటు డబుల్. కర్ర అక్కడ కొనకండి. కుదిరితే ఆదివారం సాయంత్రం వెళ్ళి పెద్దవాళ్ళతో ఆడించే ఆట చూడండి, గేటు దగ్గర ఎవరూ ఆపరు. దసరా సెలవులకి పది రోజుల క్యాంప్ పెడుతున్నారంట, 8 వేలు. రిపోర్ట్ మాకొద్దు అంటే 1500 తగ్గిస్తారు, వాళ్ళంతట వాళ్ళు చెప్పరు, అడగాలి.